వేలు పెట్టే ముందు: గుర్తింపు తనిఖీల్లో ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి

గోదావరి డెల్టాలో ఒక కుటుంబం ఏడాది పొడుగునా ఎన్నిచోట్ల ఆధార్ మిషను మీద వేలు పెడుతుందో లెక్కేయండి. ఒకటో తారీఖున పింఛను, రేషన్ డిపోలో బియ్యం, ఈ-పంటలో (సాగు వివరాల నమోదులో) పేరెక్కాక ఈకేవైసీ (ఆధార్‌తో ఆన్‌లైన్ గుర్తింపు), ధాన్యం అమ్మకం, పీఎం కిసాన్, కొత్త సిమ్ము, ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర నగదు, పొలమో కొబ్బరితోటో చేతులు మారితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. వీటికి తోడు లాడ్జీ, ఫైనాన్స్ ఆఫీసు, గల్ఫ్ ఏజెంటు తీసుకునే జిరాక్సులు. ఇందులో కొన్ని చట్టం అడిగేవి. కొన్ని చట్టం అడగకపోయినా కౌంటరు అలవాటుగా అడిగేవి. రెండూ ఒకే గొంతుతో అడుగుతారు కాబట్టి జనం రెండింటికీ ఒకేలా ఇచ్చేస్తారు.

అసలు ఇవ్వనని మొండికేస్తే పింఛను ఆగుతుంది. అడిగిందల్లా ఇస్తూ పోతే ఎప్పుడో ఒకనాడు ఖాతాలో డబ్బు పోతుంది. పని జరగడానికి ఎంత కావాలో అంతే ఇచ్చి, ఇచ్చినదానికి మన దగ్గర ఆనవాలు ఉంచుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం.

కౌంటరు దగ్గర మూడు ప్రశ్నలు

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి అడగకూడదు. దీన్ని మన కౌంటరు భాషలోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది: "ఏ జీవో ప్రకారమండీ?", "దేనికి వాడతారండీ?", "వేలిముద్ర బదులు ఓటీపీతో అవ్వదాండీ?"

పని చేసేది ఎక్కువగా మూడోదే. మొదటి ప్రశ్న అడిగితే ఎదుటి మనిషి ముడుచుకుపోతాడు, మూడోది అడిగితే స్క్రీన్ మీద ఇంకో బటన్ ఉందేమో వెతుకుతాడు. గ్రామ సచివాలయంలో కూర్చున్న ఉద్యోగికి సాయంత్రంలోగా ఇన్ని ఈకేవైసీలు పూర్తిచేయాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ఆయనతో తగువు పడితే మనకు ఒరిగేదేమీ లేదు. ఆధార్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, దేనికోసం ధ్రువీకరిస్తున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాల్సిన బాధ్యత అడిగేవారిదే. అంచేత రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా వేలు పెట్టకపోవడం మీ హక్కు.

ఎక్కడ తప్పదు, ఎక్కడ తప్పించుకోవచ్చు అన్నది ఆధార్ మీద సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పు చాలావరకు తేల్చింది. ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చే రాయితీలకు, పింఛన్లకు ఆధార్ అడగవచ్చు. పాన్‌తో జోడించడమూ తప్పదు. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్ తప్పనిసరి అనడం మాత్రం చెల్లదంది. 2019 సవరణ వచ్చాక ఆ రెండుచోట్లా మన ఇష్టప్రకారం వాడుకోవచ్చు. కాబట్టి సిమ్ కొట్టువాడు "ఆధార్ లేకపోతే సిమ్ రాదండీ" అంటే అది నిజం కాదు, అతనికి అదే తేలిక. లాడ్జీలోనూ అంతే. అంతర్వేది, అన్నవరం ఉత్సవాలకు వెళ్లినప్పుడు ఓటరు కార్డో డ్రైవింగ్ లైసెన్సో చూపిస్తే సరిపోతుంది. డిజీలాకర్‌లోని కార్డు అసలు కార్డుతో సమానమే.

జిరాక్సు ఇవ్వాల్సివస్తే

మన అంచనాలో మామూలు మనిషికి పెద్ద ప్రమాదం ఢిల్లీ సర్వర్ కాదు, కొట్లో బల్లకింద పేరుకుపోయిన జిరాక్సుల కట్ట. అది పాత పేపర్ల కొట్టుకు పోతుంది, లేదా పని మానేసిన కుర్రాడి ఫోన్‌లో ఫొటోగా మిగిలిపోతుంది.

మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లోపలికి వెళ్లి డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'మాస్క్‌డ్ ఆధార్' అన్న గడిలో టిక్ పెట్టండి. మొదటి ఎనిమిది అంకెలు దాగి, చివరి నాలుగే కనిపించే కార్డు వస్తుంది. ఆ ఫైలు పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు ఇంటిపేరుతో మొదలైతే ఇంటిపేరులోని అక్షరాలే వస్తాయి. చాలామందికి ఫైలు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయిస్తే, ఫైలు వాళ్ల కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ తీసేయించి లేవండి. వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయించుకునే పద్ధతి అన్నిటికన్నా చెడ్డది.

ప్రతి కాపీ మీదా అడ్డంగా, అక్షరాల మీదుగా పోయేలా, నీలం పెన్నుతో "గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. మూల రాస్తే కత్తిరించి మళ్లీ జిరాక్సు తీస్తారు. గల్ఫ్ ఏజెంటుకు ఇచ్చే పాస్‌పోర్టు కాపీ మీద దేశం పేరు, ఏజెన్సీ లైసెన్సు నంబరు కూడా రాయండి. ఆ నంబరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. తెల్లకాగితాల మీద సంతకాలు, మీ పేరున సిమ్ము అడిగే ఏజెంటు దగ్గర ఆగకుండా లేచి వచ్చేయండి.

నంబరు అడిగినచోట పన్నెండంకెల ఆధార్ బదులు పదహారంకెల వర్చువల్ ఐడీ ఇవ్వవచ్చు. ఆధార్‌కు జోడించిన ఫోన్ నుంచి ఇంగ్లీషు పెద్దక్షరాల్లో జీ, వీ, ఐ, డీ అని రాసి, ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగంకెలు వేసి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు మెసేజ్ పంపండి. కొత్తది తీసుకోగానే పాతది చెల్లకుండా పోతుంది. కాకపోతే చాలా కౌంటర్ల సిబ్బందికి ఇది అలవాటు లేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో గడి ఉందో లేదో కూడా చూడరు. ఓపికగా ఒకసారి అడగండి, లేదంటే ఓటీపీకి మారండి.

వేలిముద్రకు తాళం

పల్లెల్లో ఎక్కువ నష్టం చేసేది ఆధార్ ద్వారా నగదు తీసే పద్ధతి, అంటే బ్యాంకు మిత్ర చిన్న మిషనుతో చేసేది. దానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. ఒకసారికి 10,000 రూపాయల దాకా వస్తుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల్ని తీసి, సిలికాన్‌తో నకలు చేసి, ఈ దారిలోనే ఖాతాలు ఊడ్చిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. కొత్త ఎల్1 మిషన్లు వేలు ప్రాణమున్నదా కాదా అని చూస్తాయి. ధైర్యమే గానీ పూర్తి భరోసా కాదు.

తాళం వేయడానికి మై ఆధార్ పోర్టల్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ 'బయోమెట్రిక్ లాక్' ఎంచుకుని ఓటీపీ కొట్టండి. వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ మూతపడతాయి, ఓటీపీ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అవసరమైనప్పుడు 'తాత్కాలిక అన్‌లాక్' నొక్కితే పది నిమిషాలు తెరుచుకుని తనంతట తనే మూతపడుతుంది. డిపో దగ్గర వరుసలో ముందు ఇద్దరు ఉన్నప్పుడు నొక్కడం మేలు. ఇంట్లో నొక్కి బయల్దేరితే చేరేలోపు పది నిమిషాలూ అయిపోతాయి. లంక గ్రామాల్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి సిగ్నల్ అందేచోటే అన్‌లాక్ చేసి లోపలికి వెళ్లండి.

తాళం ఉండగా వేలు పెడితే మిషన్ 330 అనే కోడ్ చూపిస్తుంది. 300 అని వస్తే వేలిముద్ర సరిపోలేదని అర్థం. ఈ రెండూ తెలుసుకుని ఉండండి, ఎందుకంటే డీలరు రెండింటికీ "మీ ఆధార్ బ్లాకయిందండీ" అనే ఒకే మాట చెబుతాడు. మీరు అనవసరంగా ఆధార్ కేంద్రానికి తిరుగుతారు.

స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు మాత్రం తాళం వేయొద్దనే మా సలహా. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇచ్చేందుకు సిబ్బంది ఇంటికొచ్చినప్పుడు అది తెరవడం ఎవరివల్లా కాదు, ఓటీపీ వచ్చే ఫోను హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్లకు రక్షణ బ్యాంకు వైపునుంచి కల్పించాలి. పథకాల డబ్బు పడే ఖాతా ఒకటే ఆధార్‌కు జోడించి ఉంచి, అందులో రెండుమూడు వేలకు మించి నిలవ ఉంచకండి. ధాన్యం డబ్బు, చీటీ డబ్బు, పిల్లలు పంపే డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఆ రెండో ఖాతాలో ఆధార్ తొలగించమని, లేదా ఆధార్ ద్వారా నగదు తీసే సదుపాయం ఆపేయమని బ్రాంచి మేనేజరుకు కాగితం రాసిచ్చి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. రెండు ఖాతాలూ ఒకే బ్యాంకులో పెడితే ఈ జాగ్రత్త సగం వృథా.

మిషను దగ్గర చూసుకోవాల్సినవి: వేలు పెట్టే ముందు స్క్రీన్ మీద ఎంత మొత్తం ఉందో చదవండి, లేదా పక్కన చదువుకున్నవాళ్లతో చదివించండి. "సర్వర్ పనిచేయట్లేదు, మళ్లీ పెట్టండి" అంటే రెండోసారి పెట్టేముందు రసీదు ప్రింటు అడగండి. లావాదేవీ విఫలమైనా దానికీ రసీదు వస్తుంది. డబ్బు చేతికి రాకుండా ఖాతాలో కోత పడితే, రిజర్వు బ్యాంకు 2019 ఆదేశం ప్రకారం ఐదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం.

అరిగిన వేళ్లు

తాళం అక్కర్లేకుండానే వేలిముద్ర పడనివాళ్లు డెల్టాలో చాలామంది. ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లు, రొయ్యల షెడ్డుల్లో తొక్క తీసేవాళ్లు, కొబ్బరి దింపువాళ్లు, పీచు పనివాళ్లు, వలలాగే మత్స్యకారులు. నీళ్లలో, మంచులో నానిన వేలికి గీతలు పైకి తేలవు. పని దిగిన వెంటనే కాకుండా, చేతులు కడిగి బాగా ఆరాక, కాస్త రుద్ది వేడెక్కించి పెట్టండి. మిషన్ గాజును పొడిగుడ్డతో తుడవమనండి. ముందు మనిషి వేలి జిడ్డు వల్ల కూడా ముద్ర పడదు. బొటనవేలు పట్టుకుని కూర్చోకుండా ఉంగరపు వేలు, ఎడమచేతి వేళ్లు ప్రయత్నించండి. పనిలో తక్కువ అరిగేవి అవే. ఏ వేలు పడిందో గుర్తుపెట్టుకుని ప్రతిసారీ దాన్నే ముందు పెట్టండి.

అయినా పడకపోతే కంటిపాప లేదా ముఖ గుర్తింపు అడగండి. రేషన్‌కు కార్డులో పేరున్న మరొకరు వేలు పెట్టినా సరిపోతుంది. ఏదీ కుదరక "రేపు రండి" అంటే, ఎన్నిసార్లు ప్రయత్నించారో, ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి జంకితే తేదీ, సమయం మీరే రాసుకుని తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. ఈ కాగితం ఉన్నవాడి పేరు జాబితాలోంచి మాయం కావడం కష్టం.

పొలం రిజిస్ట్రేషన్

ఇక్కడ వేలిముద్ర తప్పించుకోలేం. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ ఫొటో, వేలిముద్రలు కోరుతుంది. పైగా స్థిరాస్తి దస్తావేజు నకలు రుసుము కడితే ఎవరైనా తీసుకోవచ్చు, 57వ సెక్షన్ ఆ వీలిచ్చింది. పొలం కొనేవాడికి అది మంచిదే, దొంగకూ అంతే మంచిది. కాబట్టి డ్రాఫ్టు రాసేటప్పుడే దస్తావేజు లేఖరితో ఆధార్ చివరి నాలుగంకెలే రాయమని చెప్పండి. చిత్తు ప్రతి చేతికొచ్చాక సంతకాలకు ముందే ఆ వరుస చూసుకోండి, సాక్షుల వివరాల దగ్గర కూడా. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రమే బయోమెట్రిక్ తాళం వేయండి. దస్తావేజు ఫొటోలు బంధువుల గ్రూపులో పెట్టుకోవడం మానేయండి.

మీ పేరున ఎన్ని సిమ్ములు?

కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరున ఉన్న కనెక్షన్లన్నీ కనబడతాయి. ఒక మనిషికి తొమ్మిది దాకా ఉండవచ్చు. మీది కానిదానికి ఎదురుగా 'నాది కాదు' నొక్కి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. అదనపు సిమ్ము పుట్టే ఒక తీరు ఇది: కొట్టువాడు "ఫొటో సరిగా రాలేదు" అని రెండోసారి తీస్తాడు, ఆ రెండోది ఇంకో నంబరుకు వెళుతుంది. సిమ్ము కొన్న వారానికి ఒకసారి చూసుకోండి. రొయ్యల, చేపల చెరువుల మీద పనికొచ్చిన ఒడిశా, బీహార్ కుర్రాళ్లకు రైతులు తమ పేరున సిమ్ము తీసిస్తుంటారు. మంచిమనసే గానీ ఆ నంబరుతో ఏం జరిగినా మొదటి నోటీసు చెరువు రైతుకే వస్తుంది. ఆ కుర్రాడి ఆధార్‌తో అతని పేరునే తీయించండి.

2025 నవంబరు చివర్లో ఈ సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే పెట్టాలని కేంద్రం ఆదేశించింది. గగ్గోలు రేగడంతో డిసెంబరు 3న వెనక్కి తగ్గింది. మా మటుకు పోర్టల్ చాలు, ఫోన్‌లోని కాల్స్, మెసేజ్‌ల అనుమతులు ఇచ్చి యాప్ పెట్టుకోవాల్సిన అవసరం చాలామందికి లేదు.

ఇంటికొచ్చే సర్వేలు

జనగణనకు జవాబు చెప్పడం 1948 చట్టం ప్రకారం బాధ్యత. అదే చట్టం 15వ సెక్షన్ ఆ సమాధానాలను ఇతరులు చూడకుండా కాపాడుతుంది. ఇంటికొచ్చే జనగణన సిబ్బంది ఓటీపీ అడగరు, వేలు పెట్టమనరు, బ్యాంకు పాసుపుస్తకం చూపమనరు. అడిగితే వచ్చినవాడు జనగణన మనిషి కాదు. మిగతా ఇంటింటి సర్వేలకు ఇలాంటి చట్టపు కట్టుబాటు సాధారణంగా ఉండదు. ఏ పథకానికో, ఏ శాఖో అడగండి, గుర్తింపు కార్డు చూడండి, పథకానికి సంబంధంలేని ప్రశ్నకు "చెప్పదల్చుకోలేదండీ" అనండి. ఓటీపీ చదివి చెప్పమంటే, ముందు ఆ మెసేజ్‌లో అది దేనికని ఉందో మొత్తం చదవండి.

2023 వ్యక్తిగత డేటా చట్టం మీద ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేది ఆ తర్వాత 18 నెలలకు. పైగా రాయితీలు ఇచ్చే ప్రభుత్వానికి విడిగా సమ్మతి అక్కర్లేదని, కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చని అందులోనే ఉంది. ఫైనాన్స్ కంపెనీ మీద పనికొచ్చినంతగా సర్కారు మీద పనికిరాదు.

పోలీసులు ఫుటేజీ గానీ ఫోన్ గానీ అడిగితే

మీ కొట్టు కెమెరా ఫుటేజీ కావాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగవచ్చు. ఆ తేదీ, ఆ గంట వరకే కాపీ చేసి ఇవ్వండి, ఫుటేజీ నిలవుండే పెట్టె (డీవీఆర్) మొత్తం కాదు. తీసుకున్నట్టు సంతకం తీసుకోండి. కెమెరా పక్కింటి గుమ్మం వైపు తిరిగి ఉంటే ముందు దాన్ని మార్చండి, రేపు తగువు అక్కడే మొదలవుతుంది. ఫోన్ స్వాధీనం చేసుకుంటే ఏ కేసో అడగండి, జాబితాలో ఆ ఫోన్‌ను గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు రాయించి ఒక ప్రతి తీసుకోండి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. అడ్డుపడకండి, తోయకండి, అంతా మాటతోనే. వీడియో కాల్‌లో ఖాకీ బట్టలేసుకుని 'డిజిటల్ అరెస్టు' చేశామనేవాడు పోలీసు కాడు, మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు.

నెలకోసారి చూడాల్సింది, డబ్బు పోతే చేయాల్సింది

మై ఆధార్‌లో 'అథెంటికేషన్ హిస్టరీ' తెరిస్తే గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో, గరిష్ఠంగా 50 వరకు కనిపిస్తాయి. తేదీ, సమయం, అడిగిన సంస్థ, వేలా ఓటీపీనా, సఫలమా విఫలమా. మీరు పొలంలో ఉన్న పూట వేలిముద్ర ప్రయత్నం ఉంటే, విఫలమైనా సరే, వెంటనే తాళం వేసి 1947కు చెప్పండి. ఆధార్‌కు ఈమెయిల్ కూడా జోడిస్తే ప్రతి వాడకానికీ సమాచారం వస్తుంది, రోజూ పోర్టల్ తెరిచే పని తప్పుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాలో నిలిచి ఉండే కాసేపట్లోనే దాన్ని ఆపగలరు. ఆ వెనకే బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించుకోండి. మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే మీ బాధ్యత సున్నా అని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశించింది, పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాకు తాత్కాలికంగానైనా జమ చేయాలి. "వేలిముద్ర మీదే కదా" అని బ్యాంకు తప్పించుకోబోతే, ఆ సమయంలో మీరెక్కడున్నారో చూపే ఆధారం, హిస్టరీ పేజీ ప్రింటు జతచేయండి. ముప్పై రోజులు గడిచినా తేలకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, దానికి లాయరు అక్కర్లేదు, రుసుమూ లేదు. సందేహాలకు రిజర్వు బ్యాంకు నంబరు 14448.